కదలికను చదవగల వైద్యులు కావాలి

చాలా ఏళ్ల క్రితం నెల్లూరు తీరపు పల్లె నుండి అరవై దాటిన మత్స్యకారుడొకరు నా వద్దకు వచ్చారు. చేతుల వణుకు, నడకలో మందగమనం, వల బాగుచేయడానికి లొంగని వేళ్లు. వయసు మీద పడిందని చెప్పి, బలానికి మాత్రలు వ్రాసిచ్చాను. నా వద్ద శిక్షణలో ఉన్న యువ వైద్యుడు మాత్రం ఆయనను వరండాలో నడిపించి చూచి, "తాతా, ఇంకేమన్నా మాత్రలు వేసుకుంటుండావా?" అని అడిగాడు. తలతిరుగుడు కోసం నెలల తరబడి సినారిజిన్ వాడుతున్నట్లు అప్పుడు తెలిసింది. దానిని మాన్పించిన కొన్ని నెలలకు ఆయన మళ్లీ వల పట్టారు.

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. అతనికి తట్టడానికి కారణం, కదలికను గమనించడం నేర్పిన గురువు అతనికి లభించడమే.

కదలికలోని ప్రతి లోపానికీ మూలం ఒకటే కాదు. మెదడులో డోపమైన్ తగ్గితే కంపవాతం వస్తుంది. ఆ డోపమైన్ పనిని అడ్డుకొనే మందులు అచ్చం అటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. చిన్నమెదడు చెడితే నడక తూలుతుంది. మన ప్రాంతంలో మరొకటి కూడా ఉన్నది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వెన్నెముక ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కితే, కాళ్లు బిగుసుకొని పోతాయి. నెల్లూరు జిల్లాలోని ఈ ఫ్లోరోసిస్‌ను షార్ట్ మొదలైన వైద్య శాస్త్రజ్ఞులు 1937లో వైద్యలోకానికి వివరించారు. పల్లెలలోని రోగులను స్వయంగా పరీక్షించడం వల్లనే అది సాధ్యమైంది.

అదే 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే రసాయన శాస్త్రజ్ఞులు మన పొదలలో పెరిగే దూలగొండి గింజల నుండి ఎల్-డోపాను వేరుచేసినట్లు ప్రకటించారు. కంపవాతానికి నేటికీ ప్రధాన ఔషధం అదే. కాని ఆ సంగతి నాడు ఎవరికీ తెలియదు. సర్పగంధి నుండి తీసిన రిసర్పిన్ ఇచ్చినందువల్ల కదలిక ఉడిగిన కుందేళ్లు ఎల్-డోపాతో తిరిగి కదిలాయని 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ చూపారు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది. రోగులలో ఈ మందును పెద్ద మోతాదులలో వాడి, దాని ప్రయోజనాన్ని 1967లో కొట్జియాస్ నిరూపించారు. గింజకూ రోగికీ మధ్య ముప్పై ఏళ్లు గడిచాయి. ఆనాడు ఆ జ్ఞానం లేదు కనుక ఎవరినీ తప్పుపట్టలేము. నేడు ఆ సాకు మనకు లేదు.

అందుచేత నాడీశాస్త్ర పరిశోధనలో అడుగుపెట్టే యువతకు మూడు చోట్ల శిక్షణ అవసరమని నా అభిప్రాయం. ప్రయోగశాలలో కణాన్ని, ఆసుపత్రిలో రోగిని, పల్లెలో అతని బ్రతుకును చూడాలి. ఎలుక నడకను యంత్రంతో కొలిచే విద్యార్థి, ఇసుకలో పడవ నెట్టలేక ఆగిపోయిన మనిషిని కూడా చూడాలి. హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి సంస్థలలో శిక్షణ పొందుతున్నవారిని ఏటా కొన్ని వారాలపాటు నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలకు, అక్కడి నుండి తీరగ్రామాలకు పంపడం అసాధ్యమేమీ కాదు. వైద్యుడు, జీవశాస్త్రజ్ఞుడు, ఇంజనీరు ఒకే రోగి ఎదుట కూర్చోవాలి. రోగి మాటను అతని యాసలోనే వినడం నేర్వాలి. ఇందుకు డబ్బుకంటే ముందు, సమయం వెచ్చించే గురువులు కావాలి.

పాఠకులకు ఒక మనవి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక చేయి వణకడం, నడకలో ఒక చేయి ఊగకపోవడం, చేతివ్రాత చిన్నదవడం, గొంతు సన్నగిల్లడం వంటివి కనబడితే వయసని సరిపెట్టుకోకండి. వాడుతున్న మాత్రలన్నిటినీ వెంట తీసుకొని వైద్యుని చూడండి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. దూలగొండి పొడిని సొంతంగా వాడవద్దు.

నేనడగని ప్రశ్నను ఆనాడు ఒక కుర్రవాడు అడిగాడు. అటువంటివారిని తయారుచేయడం మా తరం తీర్చవలసిన ఋణం.