జర్మన్ చదువు: అరకొర నేర్పు అక్కరకు రాదు

జర్మనీలో చదువుకు ఫీజు లేదన్న మాట ఇప్పుడు గుంటూరు జిల్లాలో మారుమూల పల్లెల్లోనూ వినబడుతోంది. ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం బోధన రుసుము వసూలు చేయవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మన వంటి దేశాల విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. అయితే ఫీజు మాటతోపాటు చెప్పవలసిన రెండో మాట ఒకటి ఉంది. అది భాష మాట. ఏజెంట్ల ప్రకటనల్లో ఫీజు మాట పెద్ద అక్షరాల్లో ఉంటే, భాష మాట కనీకనబడని చిన్న అక్షరాల్లో ఉంటోంది. పల్లెటూరి తల్లిదండ్రులు దెబ్బతినే చోటు ఇదే.

ఫీజు లేకున్నా ఖర్చు లేకపోలేదు. వీసా కావాలంటే ఏడాది జీవనానికి సరిపడే సొమ్ము ముందుగానే ప్రత్యేక ఖాతాలో చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలుగా నిర్ణయించారు. మన లెక్కలో 11 లక్షల రూపాయలకు పైమాటే. మిర్చి, పత్తి పండించుకునే కుటుంబం ఇంత సొమ్ము తేవాలంటే బ్యాంకు రుణమో, పొలం తాకట్టో తప్పదు. 2023-24 శీతకాల సెమిస్టరులో జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో మనవారి సంఖ్యే అందరికంటె ఎక్కువ. ఇంతమంది వెళుతున్నప్పుడు ఏ సన్నాహంతో వెళుతున్నారన్నది జిల్లాకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

ఆరు మెట్లు

జర్మన్ భాషా పరిజ్ఞానాన్ని ఆరు మెట్లుగా కొలుస్తారు. ఏ-1, ఏ-2, బి-1, బి-2, సి-1, సి-2. మొదటి మెట్టు ఎక్కినవారు పేరు, ఊరు చెప్పగలరు, దుకాణంలో రొట్టె కొనగలరు. నాలుగో మెట్టయిన బి-2 చేరితే పనిచేసే చోట తడుముకోకుండా మాట్లాడగలరు. అయిదో మెట్టయిన సి-1 చేరినవారే తరగతిలో ఆచార్యుని ఉపన్యాసం విని రాసుకోగలరు, వాదించగలరు, పరీక్ష పత్రం నింపగలరు. బి-2 చేరడానికి సుమారు 600 నుంచి 800, సి-1 చేరడానికి 800 నుంచి 1,000 బోధనా పీరియడ్లు పడతాయని గోథే సంస్థ లెక్క. పీరియడు అంటే 45 నిమిషాలు. రోజుకు రెండు పీరియడ్ల చొప్పున, వారానికి ఐదు రోజులు మానకుండా చదివినా సి-1 చేరడానికి ఏడాదిన్నరకు పైగా పడుతుందన్న మాట. మూడు నెలల్లో జర్మన్ నేర్పిస్తామని గోడలకు కాగితాలు అంటించేవారు ఏ మెట్టు వరకు నేర్పుతారో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి.

జర్మన్ మాధ్యమంలో డిగ్రీ చదవదలచినవారికి విశ్వవిద్యాలయాలు ప్రత్యేక పరీక్ష పెడతాయి. టెస్ట్‌డాఫ్ అనే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలు ఉంటాయి. సాధారణంగా నాలుగింటిలోనూ నాలుగో స్థాయి రావాలి. విశ్వవిద్యాలయాలు స్వయంగా జరిపే డి.ఎస్.హెచ్. అయితే సాధారణంగా రెండో స్థాయి కావాలి. మన ఇంటర్మీడియట్ ఒక్కటే ఉంటే అక్కడి డిగ్రీలో నేరుగా సీటు దొరకదు. చాలామంది ముందుగా ఏడాదిపాటు సన్నాహక కళాశాలలో చదవాలి. అక్కడ చేరడానికి కూడా భాష కావాలి.

ఇంగ్లీషు చాలదా?

ఎం.ఎస్. కోర్సులు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి కదా, జర్మన్ ఎందుకని కొందరి వాదన. ఇందులోనూ సగం నిజం ఉంది. ఇంగ్లీషుతో సీటు వస్తుంది, పట్టా కూడా వస్తుంది. బెర్లిన్, మ్యూనిక్ వంటి నగరాల్లోని కొన్ని సాఫ్ట్‌వేర్ సంస్థల్లో, పరిశోధన శాలల్లో ఇంగ్లీషుతో పని గడుస్తుంది. కాని జర్మనీ పరిశ్రమకు వెన్నెముక చిన్న పట్టణాల్లోని మధ్యతరహా కర్మాగారాలు. అక్కడ మేస్త్రీ మాట్లాడేది జర్మన్, యంత్రం పక్కన అతికించిన హెచ్చరిక జర్మన్, ఉద్యోగానికి రాసుకునే దరఖాస్తు జర్మన్. భాష రాని పట్టభద్రుడు గోదాముల్లో పెట్టెలు మోస్తూ అప్పు వడ్డీ కట్టవలసిన పరిస్థితి వస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఆ ఊరి మాట పలకలేని నోరు ఎంత మంచిదైనా ఏం ప్రయోజనం?

వైద్యరంగంలో ఈ సంగతి మరింత స్పష్టం. నర్సులకు సాధారణంగా బి-2 స్థాయి కావాలి. వైద్యులు అది దాటి, వైద్య పరిభాషలో సి-1 స్థాయి పరీక్ష నెగ్గాలి. ఇది న్యాయమైన నిబంధనే. నొప్పి ఎక్కడో వృద్ధురాలు చెబుతుంటే అర్థం చేసుకోలేని నర్సు చేతిలో మందు పెట్టడం ఎవరికీ క్షేమం కాదు. మన ఆసుపత్రిలో తెలుగు రాని వైద్యుడు ఉంటే మన పల్లె రోగి ఎంత ఇబ్బంది పడతాడో తలచుకుంటే ఈ నిబంధన కఠినంగా తోచదు.

తెలుగువారికి అందనిదేమీ కాదు

జర్మన్ కొరుకుడు పడని భాష అన్న భయం అనవసరం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. జర్మన్‌లో ఉపవాక్యం వచ్చినప్పుడు క్రియ చివరకే పోతుంది. మనకు ఎనిమిది విభక్తులు ఉంటే వారికి నాలుగే. మనం సమాసాలు కట్టినట్లే వారూ మాటకు మాట అతికిస్తారు. రోగులు అనే మాటకు ఇల్లు అనే మాట చేర్చి ఆసుపత్రిని ‘క్రాంకెన్‌హౌస్’ అంటారు. లింగభేదం మాత్రం మాట మాటకూ కంఠస్థం చేయవలసిందే. అమ్మాయి అనే అర్థం గల ‘మేట్‌షెన్’ అక్కడ నపుంసకలింగం. ‘అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది’ అని రెంటికీ ఒకే క్రియ వాడే తెలుగువారికి ఇది మరీ వింత కాదు. కష్టమంతా పదజాలంలో ఉంది, నిత్య సాధనలో ఉంది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, నాలుగు ప్రశ్నలు బట్టీపట్టి గట్టెక్కే అలవాటు ఇక్కడ చెల్లదు. టెస్ట్‌డాఫ్‌లో అవతలివారు అడిగేది విని అప్పటికప్పుడు జవాబు చెప్పాలి.

ఒక జాతి భాషను లోతుగా నేర్చుకుంటే ఏమి సాధించవచ్చునో జర్మన్లే ఒకప్పుడు చూపించారు. బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు మద్రాసులో తెలుగు నేర్చి, 1728 నాటికి తెలుగుకు వ్యాకరణం రాశాడు. 1746-47 ప్రాంతంలో ఆయన తెలుగు పుస్తకాలు జర్మనీలోని హాలే నగరంలో అచ్చయ్యాయి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటిని చెబుతారు. ఆ రోజుల్లో అచ్చయిన తెలుగు నిఘంటువు లేదు, శిక్షణ కేంద్రం లేదు. ఉన్నది పట్టుదల ఒక్కటే.

చేయవలసినది

హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ జర్మన్‌లో బి.ఎ., ఎం.ఎ. చదవవచ్చు, పరిశోధన చేయవచ్చు. అలా భాషను ఆమూలాగ్రం చదివినవారు జిల్లాలకు వచ్చి బోధిస్తేనే పల్లె విద్యార్థికి మేలు. గుంటూరు, తెనాలి వంటి పట్టణాల ప్రభుత్వ కళాశాలల్లో సాయంత్రం తరగతులు పెట్టి, బి-2 వరకు నేర్పే ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఉన్నత విద్యాశాఖపై ఉంది. గదులు ఉన్నాయి, బల్లలు ఉన్నాయి. కావలసింది అర్హత గల ఉపాధ్యాయులు, కొద్దిపాటి నిధులు. పొన్నూరు పక్క పల్లె నుంచి వచ్చే విద్యార్థిని హైదరాబాదు హాస్టలు ఖర్చు లేకుండా బస్సు పాసుతో చదువుకోగలుగుతుంది.

ప్రైవేటు శిక్షణ కేంద్రాలపైనా అదుపు ఉండాలి. బోధించేవారు స్వయంగా ఏ స్థాయి పరీక్ష నెగ్గారో, గత ఏడాది ఎందరు విద్యార్థులు ఏ మెట్టు దాటారో బోర్డుపై రాసి పెట్టాలని అధికారులు ఆదేశించాలి. కేంద్రం తనంతట తాను ఇచ్చే సర్టిఫికెట్టుకు, గుర్తింపు పొందిన పరీక్ష సర్టిఫికెట్టుకు తేడా తల్లిదండ్రులకు తెలియాలి. మన విద్యార్థుల పత్రాలను పరిశీలించే ఏ.పి.ఎస్. ధ్రువీకరణను 2022 నవంబరు నుంచి వీసాకు తప్పనిసరి చేశారు. దొంగ పత్రాలతో గట్టెక్కవచ్చునన్న ఆశ పెట్టుకోరాదు.

అన్నిటికంటె ముఖ్యం వరుస మార్చడం. ఇప్పుడు ముందు అప్పు, తర్వాత విమానం, ఆ తర్వాత భాష అన్నట్లు నడుస్తోంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే జర్మన్ మొదలుపెట్టి, పట్టా చేతికి వచ్చేనాటికి బి-2 చేరితే, అప్పు చేయాలా వద్దా అన్నది నిబ్బరంగా ఆలోచించుకోవచ్చు. ఒకవేళ ప్రయాణం మానుకున్నా నేర్చిన భాష వృథా పోదు. అనువాదం, బోధన, జర్మన్ సంస్థల్లో కొలువులు మన దేశంలోనూ ఉన్నాయి. పొలం తాకట్టు పెడితే విడిపించుకోవడానికి ఏళ్లు పడుతుంది. భాషకు కావలసింది రోజుకు రెండు గంటలు. ఏది ముందు పెట్టాలో పల్లెల్లోని తల్లిదండ్రులు, విద్యార్థులు కూర్చుని నిర్ణయించుకోవాలి.