ఆ బాంబులు మనవి కావు, వద్దన్న మాట మనది

ఈ వారం నేను నేర్చుకున్న మాట "నిరాయుధీకరణ". ఆయుధాలు వదిలేయడం అని అర్థం. పలకడం కష్టమే. కానీ మన దక్షిణాఫ్రికా ఆ పని చేసి చూపించింది కాబట్టి ఆ మాట మనకు రావాలి.

గుడి వంటింట్లో కూరగాయలు తరిగేటప్పుడు నేను తరచుగా వినే మాట ఇది: "1998లో ఇండియా పోఖ్రాన్‌లో అణుబాంబులు పేల్చింది. అందుకే ప్రపంచం గౌరవిస్తోంది. మనం ఉన్నవి పారేసుకుని చిన్నవాళ్ళం అయిపోయాం." అలా అనేవాళ్ళు నాకంటే పెద్దవాళ్ళు. అయినా నేను ఒప్పుకోను.

ముందు, "మనం" అంటే ఎవరు? ఆ బాంబులు చేసింది అపార్థైడ్ ప్రభుత్వం. ప్రిటోరియా దగ్గర యురేనియం శుద్ధి చేసి, రహస్యంగా ఆరు బాంబులు తయారు చేసింది. ఏడోది సగంలో ఉంది. మనల్ని ఎవరూ అడగలేదు. మన ముత్తాతలు నేటాల్ చెరకు తోటలకు కూలికి వచ్చారు. అందరితో సమానంగా మనకు ఓటు వచ్చింది 1994లో. మన చేతిలో ఎప్పుడూ లేనిదాన్ని మనం ఎలా పారేసుకుంటాం?

డి క్లర్క్ మంచితనం వల్ల అవి పోయాయని ఇంకొందరు అంటారు. అదీ నేను నమ్మను. 1991లో దేశం ఎన్‌పీటీలో చేరింది. ఆయన 1993 మార్చిలో పార్లమెంటుకు నిజం చెప్పేసరికి బాంబులన్నీ విప్పేశారు. నల్లవాళ్ళ ప్రభుత్వం చేతికి అవి వెళ్ళకూడదనే భయం కూడా అందులో ఉందని నా అభిప్రాయం.

కానీ అసలు విషయం ఆ తర్వాత జరిగింది. 1994లో వచ్చిన మన ప్రభుత్వం మళ్ళీ బాంబు కావాలని అనలేదు. ఆఫ్రికా అంతటా అణ్వాయుధాలు వద్దనే ఒప్పందం మీద 1996లో దేశాలు కైరోలో సంతకాలు చేశాయి. దాని పేరు పెలిండాబా ఒప్పందం. పెలిండాబా అంటే మన అణు కేంద్రం ఉన్న ఊరే! అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందాన్ని కూడా మన దేశం 2019లో ఆమోదించింది. ఓటు ఉన్న ప్రజల ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు ఇవి. అందుకే ఇవి మనవి.

ఇప్పుడు ప్రభుత్వం మీద నా ఫిర్యాదు. 1995లో ఎన్‌పీటీని శాశ్వతం చేయడానికి మన దేశం ఎంతో కష్టపడింది. నిరాయుధీకరణ కోసం చర్చలు జరపాలని ఆ ఒప్పందం ఆరో అధికరణం చెబుతోంది. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా దానిలో చేరిన దేశాలే. 30 ఏళ్ళు గడిచినా ప్రపంచంలో ఇంకా సుమారు 12 వేల అణ్వాయుధాలు ఉన్నాయి. ఎన్‌పీటీలో చేరని ఇండియాకు 2008లో అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చింది. అక్కడ సభ్యులందరూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. మనమూ సభ్యులమే. మనమూ ఒప్పుకున్నాం.

నాకు ఇండియా అంటే ప్రాణం. అయినా అది తప్పే అంటాను. అమెరికాకు చెప్పే నీతి బ్రిక్స్ సభలో రష్యాకు, చైనాకు, ఇండియాకు కూడా చెప్పాలి. స్నేహితుడి ఇంట్లో నోరు మూసుకునేవాడి మాటను పరాయివాడు ఎందుకు వింటాడు?

పెద్దలకు ఒక మనవి. మీ మనవలకు పోఖ్రాన్ గురించి చెప్పేటప్పుడు పెలిండాబా గురించి కూడా చెప్పండి. వీలైతే తెలుగులోనే చెప్పండి.