ముందు వరుసలో ఎవరు కూర్చోవాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాము. ఆ రెండింటి గురించి ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని పిల్లలను రామోజీ ఫిల్మ్ సిటీకి విహారయాత్రకు తీసుకుపోవాలని అనుకుంటున్నాము. అందుకని ఈ వ్యాసంలో సీట్ల గురించి రాస్తున్నాము. సీట్ల గురించి వ్యాసమా అని నవ్వకండి. మొదటి కమిటీ సమావేశంలోనే దీని మీద గంటన్నర వాదన జరిగింది. చివరికి టీ చల్లారిపోయింది గానీ మాట తెగలేదు.

వాదన ఎక్కడ వచ్చిందంటే, ఎప్పుడు పోవాలనే దగ్గర. రామోజీ ఫిల్మ్ సిటీలో ఏడాది పొడుగునా ప్రదర్శనలు ఉంటాయి. స్టంట్ షో, డ్యాన్స్ షో, సినిమా ఎట్లా తీస్తారో చూపించే షో అన్నీ మామూలు రోజుల్లోనూ చూడవచ్చు. కానీ దసరా, దీపావళి, కొత్త సంవత్సరం రోజుల్లో అక్కడ ప్రత్యేక వేడుకలు చేస్తారు. సాయంత్రం కార్నివాల్ ఊరేగింపు, దీపాల అలంకరణ, పాటలు, ఆటలు ఉంటాయి. మన పిల్లలకు కావలసింది అదే. బడికి సెలవులు ఉండేదీ అప్పుడే. రాష్ట్రమంతటికీ సెలవులు ఉండేదీ అప్పుడే! కాబట్టి జనమంతా అప్పుడే వస్తారు. పండగ షోకు సీట్లు దొరకడం అంటే పండగ ముందురోజు ప్రొద్దుటూరు బస్టాండులో బస్సులో సీటు దొరకడం లాంటిదే.

మాలో కొందరు, "డబ్బులు ఇంకొంచెం వేసుకుని పెద్ద ప్యాకేజీ తీసుకుందాం" అన్నారు. మరికొందరు, "దసరా వద్దు, మామూలు వారంలో పోదాం, బడి రెండు రోజులు పోతే పోయె" అన్నారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు. కానీ మాకు వేరే అభిప్రాయం ఉంది. అది చెప్పడానికి ముందు మేము హాస్టల్లో చదువుకునే రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఇందులో తప్పు మాదే. పార్కువాళ్లది కాదు, మా సార్లదీ కాదు.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవుల్లో మమ్మల్ని రెండు బస్సుల్లో హైదరాబాదు వైపు ఒక పెద్ద పార్కుకు తీసుకుపోయినారు. రాత్రి భోజనం కాగానే బయలుదేరి ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు మీదుగా సుమారు 400 కిలోమీటర్లు పోయినాము. నిద్ర ఎవరికీ పట్టలేదు. పొద్దున్నే వంటమనిషి కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లాలు తిని లోపలికి అడుగుపెట్టేసరికి కళ్లు తిరిగినాయి. ఎక్కడికి పోవాలో, ఏది ముందు చూడాలో తెలియదు. అందరూ ఫోటోల దగ్గర నిలబడిపోయినాము. అసలు చూడాలనుకున్న షో దగ్గరికి ఐదు నిమిషాల ముందు పోయినాము. లోపల నిండిపోయింది, తరువాతి షోకు రండి అన్నారు.

తరువాతి షోకు మేము పెద్ద పిల్లలం ఒక పన్నాగం పన్నినాము. తలుపులు తెరవగానే పరుగెత్తిపోయి మూడు వరుసలకు టవళ్లు వేసేసినాము. బస్సు కిటికీలోంచి టవలు వేసి సీటు ఆపుకోవడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య గదా! చిన్న పిల్లలు బాత్‌రూముల దగ్గర వరుసలో ఉన్నారు, వస్తారులే అనుకున్నాము. ఇంతలో ఒక కుటుంబం వచ్చింది. వాళ్లతో ఒక ముసలమ్మ ఉంది, మన అవ్వల మాదిరే ఉంది. "నాయనా, ఒక్క సీటు ఇయ్యండి, కాళ్లు నొప్పులు" అని అడిగింది. "మనుషులు వస్తాండారవ్వా" అన్నాము. ఆమె ఒక నిమిషం నిలబడి, ఏమీ అనకుండా పైకి, చివరి మెట్ల దగ్గరికి పోయింది.

మా చిన్నపిల్లలు రానే లేదు. వాళ్లు దారి తప్పి వేరే వైపు పోయి, షో మొదలైనాక వచ్చి, నిలబడ్డవాళ్ల వెనక ఇరుక్కున్నారు. మేము ఆపిన సీట్లలో పదో పన్నెండో షో అయిపోయేదాకా టవళ్లతో ఖాళీగానే ఉన్నాయి. బయటికి వచ్చినాక ఆరో తరగతి పిల్లవాడు ఒకడిని, "ఏం చూసినావురా?" అని అడిగితే, "వీపులు చూసినానన్నా, తుపాకీల శబ్దం వినపడె" అన్నాడు. వాడు తమాషాకు అనలేదు. నిజంగానే చెప్పినాడు.

ఇన్నేళ్లయినా మా నలుగురైదుగురం కలిస్తే ఆ ముసలమ్మ మాట వస్తుంది. ఆ షోలో గుర్రాలు ఎన్ని వచ్చినాయో, ఎవరు ఎక్కడినుంచి దూకినారో మాకు గుర్తు లేదు.

ఎందుకు అంతగా గుర్తుండిపోయిందంటే దానికి ఒక కారణం ఉంది. మన ఇళ్లలో అవ్వలను, తాతలను అడిగి చూడండి. ఊళ్లో చెక్కభజన జరిగినా, తోలుబొమ్మలాట జరిగినా, గుడి ముందర నాటకం ఆడినా వాళ్లు ఎక్కడ కూర్చుని చూసినారో చెప్పమనండి. అందరికంటే వెనక, దూరంగా, ఒక్కోసారి చెట్టు కింద, ఒక్కోసారి గోడ పక్కన. తెల్లవార్లూ డప్పు కొట్టినవాడు కూడా ఆట మొదలైనాక పక్కకు తప్పుకోవలసిందే. తరువాత సినిమా హాళ్లు వచ్చినాయి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని డబ్బును బట్టి వరుసలు పెట్టినారు. ఆ పద్ధతిలో కులం అడగలేదు, అదొక మేలు. కానీ మన చేతిలో ఉన్న డబ్బులు నేల టికెట్టుకే సరిపోయేవి. కాబట్టి ముందు వరుస కుర్చీ అంటే మనకు ఉత్త కుర్చీ కాదు. అది దొరికిన రోజున మేము చేసిన పనేమిటంటే, ఒక ముసలమ్మను వెనక్కి పంపినాము. ఆ సీటును కూడా ఖాళీగా పెట్టినాము!

డబ్బు ఎక్కువ పెడితే సీటు ఖాయం అనే పద్ధతి ప్రపంచమంతా ఉంది. మన హాస్టల్లో చదివి ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకరు అక్కడి సంగతి చెప్పినారు. ఫ్లోరిడాలో డిస్నీవాళ్ల ఎప్‌కాట్ పార్కులో క్రిస్మస్ రోజుల్లో కొవ్వొత్తుల ఊరేగింపు పేరుతో ఒక గానసభ జరుగుతుంది. 1958లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండులో మొదలైన ఆనవాయితీ అది. ఎప్‌కాట్‌లో 1994 నుంచి జరుగుతున్నది. పెద్ద గాయక బృందం, వాద్యబృందం ఉంటాయి, పేరున్న నటుడో నటో ఏసు పుట్టిన కథ చదువుతారు. పార్కు టికెట్టు ఉన్నవాళ్లందరూ దాన్ని చూడవచ్చు, విడిగా రుసుము లేదు. అయితే పార్కులోని ఫలానా హోటళ్లలో భోజనంతో కలిపి ప్యాకేజీ కొంటే సీటు ఖాయం. కొననివాళ్లు గంటలకొద్దీ వరుసలో నిలబడి, మిగిలిన సీట్ల కోసం ఎదురుచూడాలి. మా మిత్రుడు మొదటి ఏడాది వరుసలో నిలబడినాడట, రెండో ఏడాది భోజనం కొన్నాడట. "రెండో ఏడాది సీటు బాగుంది, మొదటి ఏడాది పాట బాగుంది" అన్నాడు. మావాడు ఎప్పుడూ ఇట్లాంటి మాటలే చెబుతాడు, అయినా మాకు నచ్చింది.

మన దగ్గర కూడా చూడండి. రెండో మైసూరు అని పేరుపడిన ప్రొద్దుటూరు దసరాలో తొట్టి మెరవణి చూడటానికి టికెట్టు లేదు. మిద్దె ఉన్నవాళ్లు మిద్దె మీద నుంచి, లేనివాళ్లు రోడ్డు మీద నుంచి చూస్తారు. చిన్నపిల్లలను భుజాల మీద ఎక్కించుకుంటారు. ఎవరి బిడ్డ అని కూడా చూడకుండా ముందుకు జరిపి నిలబెట్టేవాళ్లను మేము చూసినాము. టికెట్టు లేని చోట కూడా ఎవరు ముందు ఉండాలో జనానికి తెలుసు.

ఇక పెద్ద ప్యాకేజీ సంగతి. ఫిల్మ్ సిటీలో మామూలు టికెట్టుతో పాటు ఏసీ బస్సు, గైడు, భోజనం కలిపిన ఖరీదైన ప్యాకేజీలు ఉన్నాయి. వాటిని కొనుక్కోవడం తప్పు అనడం లేదు. కానీ మన దగ్గర ఉన్న డబ్బుతో ఆ ప్యాకేజీ తీసుకుంటే సగం మంది పిల్లలే పోగలరు. ఆ సగం ఎవరు? మార్కులు బాగా వచ్చినవాళ్లా? లాటరీ వేద్దామా? ఇంట్లో ఎవరూ లేక సెలవుల్లో కూడా హాస్టల్లోనే ఉండే ఇద్దరు ముగ్గురు పిల్లలను వదిలేసి, ఫస్టు మార్కులు వచ్చినవాళ్లను ఏసీ బస్సులో తిప్పడం మాకు సమ్మతం కాదు. అందరూ మామూలు టికెట్టుతోనే పోవాలి. ఈ ఒక్క విషయంలో కమిటీ మా మాట వినకపోతే మా వాటా డబ్బు విషయం మళ్లీ ఆలోచించుకుంటాము. (ఇది బెదిరింపు కాదు, విన్నపమే.)

పండగ రోజా, మామూలు రోజా అన్న దగ్గర మేము కొంత మెత్తబడినాము. మొదట మామూలు రోజే అన్నాము. తరువాత పిల్లలను అడిగినాము. అందరూ కార్నివాల్ కావాలన్నారు. చూసేది వాళ్లు గదా! అయితే పండగకే పోదాం. కానీ అన్నీ చూడాలనే ఆశ వదులుకోవాలి. సుమారు రెండు వేల ఎకరాల చోటు అని చెప్పే ఫిల్మ్ సిటీని ఒక్క రోజులో చూసేసినవాడు లేడు. రెండు షోలు ఎంచుకుందాం. వాటికి ముప్పావు గంట ముందు పోయి వరుసలో నిలబడదాం. ఊరేగింపుకైతే ఇంకా ముందే. మిగిలినవి దొరికితే చూద్దాం, లేకపోతే వదిలేద్దాం. బొరుగులు, నీళ్ల బాటిళ్లు వరుసలోనే పంచవచ్చు. గేటు దగ్గర సంచులు వెతికే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి. దాని మీద విసుక్కునేవాళ్లకు ఒక మాట. 2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవాళ్ల మధ్య బాంబు పేలింది. చనిపోయినవాళ్లలో మహారాష్ట్ర నుంచి యాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. వాళ్లూ మన మాదిరే గుంపుగా వచ్చి, కలిసి కూర్చున్నవాళ్లే.

తలుపు తెరిచినప్పుడు పరుగెత్తడం మాత్రం వద్దు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయినారు. దేవుణ్ణి చూడటానికి వచ్చినవాళ్లకే అట్లా జరిగితే స్టంట్ షోకు మనం పరుగెత్తడం దేనికి? పెద్ద తరగతుల పిల్లలు ఒక్కొక్కరు ముగ్గురు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని నడవాలి. అందరూ వచ్చినాకే కూర్చోవాలి. టవలు వేయకూడదు. మనిషి ఉంటేనే సీటు. చిన్నవాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. పక్కన ముసలివాళ్లో, చంటిపిల్ల తల్లో నిలబడి ఉంటే పదో తరగతివాడు లేవాలి. ఈ మాటలు బస్సులో మైకులో చెబితే ఎవరూ వినరు, పాటలు పెట్టమంటారు. కాబట్టి ముందు ఆదివారం ఇడుపులపాయ, గండి క్షేత్రం వైపు ఒకపూట పిల్లలను తీసుకుపోయి, గుంపులుగా నడవడం, లెక్క తప్పకుండా తిరిగి రావడం అక్కడే అలవాటు చేయిద్దామని మా ఆలోచన. ఖర్చు తక్కువ, నెమళ్లు కనబడితే అదృష్టం. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీని బయటినుంచైనా చూస్తారు. మన పిల్లల్లో అందులో సీటు కావాలని కలలుగనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సీటుకు టవలు వేయడం కుదరదని వాళ్లకు మేము చెప్పనక్కరలేదు.

చివరగా ఇంటి సంగతి. ఊరికి చెప్పే ముందు మన హాస్టల్ వార్షికోత్సవం ఎట్లా జరుగుతున్నదో చూసుకోవాలి. ఏటా స్టేజీ ముందర రెండు వరుసలు సోఫాలు, వాటి వెనక మూడు వరుసలు కుర్చీలు. అవన్నీ అతిథులకు, మాకు. వాటి వెనక జంఖానాల మీద పిల్లలు. డ్యాన్సు చేసే పిల్లవాడి స్నేహితులకే వాడి కాళ్లు కనబడవు. అతిథులు ప్రసంగాలు కాగానే తొమ్మిదికల్లా వెళ్లిపోతారు. ఖాళీ సోఫాల వెనకనుంచి పిల్లలు తొంగిచూస్తూనే ఉంటారు, ముందుకు రమ్మని చెప్పేవాళ్లు ఉండరు. మేము కూడా పోయిన ఏడాది సోఫాలోనే కూర్చున్నాము. మా వెనక ఎవరున్నారో తిరిగి చూడలేదు.

ఈ ఏడాది జంఖానాలు స్టేజీకి ఆనించి వేయాలని, ఆరు, ఏడు తరగతుల పిల్లలను అన్నం కాగానే తెచ్చి అక్కడ కూర్చోబెట్టాలని, అతిథులకు, పూర్వ విద్యార్థులకు కుర్చీలు రెండు పక్కలా వేయాలని వార్డెన్ గారికి రాతపూర్వకంగా ఇచ్చినాము. వారు చిరునవ్వు నవ్వి, "పెద్దవాళ్లు ఏమనుకుంటారో" అన్నారు. సోఫాల అద్దె మిగిలితే ఆ డబ్బు యాత్ర ఖాతాలో వేయమని కూడా అడిగినాము. దానికి మాత్రం వెంటనే సరేనన్నారు.