చేప మానకండి, పండు ముక్కలతో వండుకోండి



ఆ మధ్య ఓ.పి.లో బి.పి. చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమ్మను "చేపలు తింటున్నారా అమ్మా?" అని అడిగాము. "మీరే కదమ్మా ఉప్పు తగ్గించమన్నారు. చప్పటి చేప నోట పెట్టలేక మానేశాను" అన్నది. మరి అన్నంలోకి ఏమిటంటే, కొంచెం సిగ్గుపడి, "ఎండుచేప ఒక్క ముక్క. అది లేని రోజు ఆవకాయ" అని చెప్పింది. ఆ రోజు ఆమె బి.పి. 170/100.

ఇది నవ్వి ఊరుకునే మాట కాదు. ఎండుచేపను ఉప్పు దట్టించి ఎండబెడతారు. తాజా చేప మాన్పించి ఆమెను ఉప్పుచేప వైపు పంపించింది మేము ఇచ్చిన పథ్యం కాగితమే. అందులో "వద్దు" అన్న మాట చాలాసార్లు ఉంది, "ఇలా వండుకోండి" అన్న మాట ఒక్కసారి కూడా లేదు. తప్పు మాదే.

బి.పి., గుండె జబ్బు ఉన్నవారు చేప మానవలసిన పని లేదని, వండే పద్ధతి మార్చుకుంటే చాలని మా అభిప్రాయం. తెల్లని కండ గల చేపలలో, అంటే పండుగప్ప, చందువ, కొరమేను వంటి వాటిలో, 100 గ్రాములకు 20 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. సులువుగా అరుగుతాయి. చిక్కంతా మనం వాటికి చేర్చే ఉప్పు, నూనెలతోనే. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ఇళ్లలో ఒక పూట పులుసు, పక్కన పచ్చడి, చివర ఉప్పు కలిపిన మజ్జిగ కలిస్తే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది.

ఉప్పు తగ్గినప్పుడు నాలుకకు ఇంకేదో అందాలి. పులుపు, తీపి, కొంచెం కారం కలిస్తే ఉప్పు లోటు అంతగా తెలియదు. చేప మీద తాజా పండు ముక్కలు వేసుకోమని మేము చెప్పడం ఇందుకే. ఇదేదో విదేశాల వంట అనుకోనక్కర లేదు. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేయడం మనకు తెలిసినదే. అయితే పులుసులో ముక్క ఉడికిపోతుంది, దానిలోని సి విటమిను చాలావరకు పోతుంది. పచ్చి ముక్కలు పైన వేస్తే ఆ నష్టం ఉండదు.

నలుగురికి అరకిలో చేప ముక్కలు తీసుకోండి. పసుపు, అర టీస్పూను మిరియాల పొడి, ఒక టీస్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, పావు టీస్పూను ఉప్పు పట్టించి పది నిమిషాలు ఉంచండి. పెనం మీద రెండు టీస్పూన్ల నూనెతో, మధ్యస్థమైన మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చండి. నూనె అసలే వద్దనుకుంటే ఇడ్లీ పాత్రలో అరటి ఆకు పరిచి ఆవిరి మీద ఉడికించండి. కండ లోపలి వరకు తెల్లబడి, చెంచాతో తాకితే పొరలుగా విడిపోవాలి. పులుపు తగిలినంత మాత్రాన పచ్చి చేప ఉడికినట్టు కాదు.

పైన వేయడానికి దోరగా ఉన్న మామిడిపండు ఒకటి, చిన్న ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, కొత్తిమీర సన్నగా తరిగి, అర నిమ్మచెక్క పిండి కలపండి. ఉప్పు వేయకండి. మామిడి దొరకని నెలల్లో జామకాయ, దానిమ్మ గింజలు, అనాసపండు వాడుకోవచ్చు. ఖరీదైన పండ్ల కోసం వెతకవద్దు. సి విటమినులో మన జామకాయ నారింజను మించినది. అనాసను మాత్రం వడ్డించేటప్పుడే వేయండి. మాంసకృత్తులను విడగొట్టే గుణం దానికి ఉంది, ముందుగా కలిపి ఉంచితే చేప మెత్తబడి చెదిరిపోతుంది. కొరమేను కొనలేని ఇంట శీలావతి, బొచ్చె అయినా సరే, ముళ్లు జాగ్రత్త. ఇంత చేసి పక్కన ఆవకాయ వేసుకుంటే చేసిందంతా వృథా!

మాలోనే ఒక డాక్టరుగారు దీనికి ఒప్పుకోలేదు. షుగరు ఉన్నవారికి మామిడిపండు చెప్పడం ఏమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. షుగరు ఉన్నవారు పండిన మామిడికి బదులు పుల్లని మామిడికాయ గాని, జామకాయ గాని రెండు చెంచాలు వేసుకుని, అన్నం కొంత తగ్గించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు తమ డాక్టరును అడగకుండా ఈ వంట చేసుకోవద్దు, పండ్లలోని పొటాషియం వారికి ప్రమాదం కావచ్చు. చేప పడని వారికి ఇది ఎలాగూ వద్దు. బి.పి. మాత్రలు ఎవరూ మానకూడదు.

చేపతో పండు, పాలు, పెరుగు కలిస్తే బొల్లి వస్తుందని భయపడేవారు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. బొల్లి తిండి వల్ల రాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం వల్ల వస్తుంది. ఈ భయంతో బాలింతలకు, పసిపిల్లలకు మంచి ఆహారం దూరం చేయడం చూస్తే మాకు బాధ కలుగుతుంది.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువు ఒడ్డున శిష్యులకు పెట్టిన చేప నిప్పుల మీద కాల్చినదే, నూనెలో వేయించినది కాదు. ఇది వ్యాఖ్యానం కాదులెండి, వంట చేసేవారికి తట్టిన మాట.

పథ్యం కాగితాన్ని మళ్లీ రాస్తున్నాము. ఈసారి రెండో పేజీ అంతా వంటలే. మీ ఇంట్లో ఏ చేప మీద ఏ పండు కుదిరిందో, పిల్లలు తిన్నారో లేదో, ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు డైటు సిస్టరుకు చెప్పండి. ఆ పెద్దమ్మ జామకాయతో వండి చూస్తానన్నది.