లెక్కగట్టే కర్త ఎవరు?

అంకెలకు పార్టీ లేదనే మాట ఈమధ్య మన మేధావుల నోట తరచుగా వినబడుతున్నది. నగర నిర్మాణాన్ని రాజకీయుల చేతుల్లోంచి తప్పించి దత్తాంశాల విశ్లేషణకు అప్పగిస్తే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందట! ధనికవర్గపు పత్రికలు ఈ వాదాన్ని నెత్తికెత్తుకోవడంలో వింత లేదు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మిత్రులు కూడా దీన్నే శాస్త్రీయ దృక్పథమనుకోవడం విచారకరం.

1969లో న్యూయార్కు నగరపాలకులు రాండ్ సంస్థతో కలిసి ఒక పరిశోధనాలయం నెలకొల్పారు. ఏ అగ్నిమాపక కేంద్రం ఉండాలో, ఏది మూయాలో గణితం తేలుస్తుందన్నారు. అందుకు వారు ప్రధానంగా ఎంచుకున్న కొలత, బండి మంట దగ్గరకు చేరడానికి పట్టే కాలం. వినడానికి బాగానే ఉంది. కాని దక్షిణ బ్రాంక్స్ వంటి పేదపేటల్లో మంటలు ఎక్కువ గనుక కేంద్రాలూ దగ్గర దగ్గరగానే ఉండేవి. ఒకటి మూస్తే పక్కదాన్నుంచి బండి రావడానికి కాగితంమీద పట్టే అదనపు కాలం స్వల్పం. ఆ పక్క బండి అదే సమయంలో మరో మంట ఆర్పుతూ ఉంటుందన్న సంగతి ఆ లెక్కకు సరిగా ఎక్కలేదు. ఫలితంగా 1972 నుంచి మూతబడిన కేంద్రాల్లో అనేకం, విపరీతంగా తగలబడుతున్న పేటల్లోవే. 1970–80 మధ్య బ్రాంక్స్‌లోని ఏడు జనగణన విభాగాల్లో నూటికి 97కు పైగా భవనాలు కాలిపోయో, పాడుబడో నాశనమైనాయి. బీమా సొమ్ముకోసం ఇళ్లు తగలబెట్టించిన యజమానులూ, నల్లవారుండే పేటలకు అప్పివ్వని బ్యాంకులూ ఈ పాపంలో భాగస్థులే. నిందంతా ఒక్క గణితంమీద మోపడం న్యాయం కాదు. కాని బండి ఎంతసేపట్లో వస్తుందని అడిగిన పెద్దలు, ఆ పేటలో ఎన్ని ఇళ్లు మిగులుతాయని ఎందుకు అడగలేదు? ఆ ప్రశ్న వేయవలసినవాళ్లు ఆ గదిలో లేరు.

వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ని గనుక నాకొకటి తడుతుంది. ఈ ప్రణాళికా నివేదికలు ఏవి తిరగేసినా ప్రజలు 'లెక్కించబడతారు', 'తరలించబడతారు'. కర్త ఎవడో ఆ కర్మణి ప్రయోగం చాటున దాక్కుని ఉంటాడు.

మన సంగతి చూద్దాం. 2015లో మొదలై 2025 మార్చితో ముగిసిన స్మార్ట్ సిటీ పథకం కింద నూరు నగరాలకూ కంట్రోలు కేంద్రాలు వచ్చాయి. విశాఖ, కాకినాడ మొదటి జాబితాలోనే చేరాయి. గోడనిండా తెరలు, కూడళ్లనిండా కెమెరాలు! అయితే ఆ పదేళ్లూ జనాభాకు ఆధారం 2011 జనగణనే. 2021లో జరగవలసినది వాయిదాపడింది. కొత్తదానికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అని 2025 జూన్‌లో ప్రకటించారు. పైగా ఆ 2011 లెక్కలో, ప్రభుత్వం అంతకుముందు గుర్తింపు ఇవ్వని పేట మురికివాడ అనిపించుకోవాలంటే కనీసం 300 మంది జనమో, 60–70 కుటుంబాలో ఒక్కచోట ఉండాలి. మురుగుకాల్వ గట్టున నలభై గుడిసెలే ఉంటే? అక్కడ మురికి ఉంటుంది గాని వాడ ఉండదు కాబోలు.

ఇక లెక్కలంటేనే పాలకవర్గపు పన్నాగమని తోసిపుచ్చే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. 1985 జులైలో సుప్రీంకోర్టు బొంబాయి కాలిబాటవాసుల కేసులో, జీవనోపాధి జీవించే హక్కులో భాగమేనని ఒప్పుకుంటూనే, నోటీసిచ్చి వాళ్లను తొలగించవచ్చునని తీర్పు చెప్పింది. ఆ ఏడే స్పార్క్ అనే సంస్థ ఆ కాలిబాటవాసులతో కలిసి ఆరువేలకు పైగా కుటుంబాలను లెక్కగట్టింది. వాళ్లు నిన్నగాక మొన్న ఊడిపడ్డ సోమరులు కారనీ, కటిక పేద జిల్లాలనుంచి వచ్చిన శ్రామికులనీ, పనికి నడిచి పోగల దూరంకోసమే అక్కడ పడి ఉన్నారనీ తేలింది. ఆ తర్వాత ఆ స్త్రీలే చీరలతో గదుల కొలతలు తీసి, తమ ఇంటి నమూనా తామే కట్టి చూపించారు. అటక పడేటట్లుగా కప్పు పద్నాలుగడుగుల ఎత్తున ఉండాలన్నారు. అంకెలు వారి చేతిలోనూ అంకెలే గదా!

గణాంకశాస్త్రం చదివే పిల్లలు మన కళాశాలల్లో కావలసినంతమంది ఉన్నారు. ఊళ్లోని కంట్రోలు కేంద్రం దగ్గరున్న దత్తాంశాలను వార్డువారీగా బయటపెట్టమనీ, తప్పులుంటే ఆ పేటవాళ్లే దిద్దే వీలు కల్పించమనీ మన విద్యార్థి సంఘాలు ఇంతవరకు ఎన్ని వినతిపత్రాలు ఇచ్చాయి?