సంచి తీసేస్తే పీడ పోతదా?

మా వాడల్లో చాలామంది అక్కలకు ముట్లు వాటంతటవే ఉడగలేదు. కోసి ఆపిన్రు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పుకుంటూ, సంఘం పనిమీద వాడలు తిరుగుతున్న మేము ఈ మాట ఊరికే అనడం లేదు.

మొన్న కొడుకు టీసీ కోసం ఒక తల్లి బడికొచ్చింది. నలభై ఏండ్లు కూడా నిండలేదు. ఫ్యాను కింద కూసున్నా చెమటలు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, "టీచరమ్మా, నాకు గాలి సోకిందంటున్నరు. రాత్రి నిద్ర లేదు, పెయ్యంత మంటలు, ఊకె ఏడుపొస్తది" అన్నది. తాయెత్తు కట్టించుకున్నది. బలం సూదులు వేయించుకున్నది. కూసోబెట్టి అడిగితే తేలింది: ఆరేండ్ల కింద గర్భసంచి తీయించుకున్నది. సంచి ఒక్కటే తీసిన్రా, అండాశయాలు కూడా తీసిన్రా అంటే ఆమెకు తెల్వదు. ఎవరూ చెప్పలేదు. చేతిలో చీటీ కూడా లేదు.

ఆమెకు సోకింది గాలి కాదు. ముప్పై నాలుగేండ్లకే ముసలితనాన్ని ఒంట్లోకి తోలిన్రు.

ఇది ఎట్ల జరుగుతది? తెల్లబట్ట అవుతుందనో, నడుము గుంజుతుందనో, ముట్టు ఎక్కువ పోతుందనో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతరు. ఆయన పట్నంలో ప్రైవేటు దవాఖానకు తోలుతడు. అక్కడ స్కానింగ్ తీసి "సంచి పాడైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అయితది. పిల్లలు పుట్టిన్రు గదా, ఇంకా ఎందుకు?" అంటరు. ఆ ఒక్క మాటకు పుస్తెలు కుదువ పెడుతరు. మందుబిళ్లలతో తగ్గే తెల్లబట్టకు కత్తి పెడుతరు.

డాక్టరును మాత్రమే తిడితే సగం నిజమే చెప్పినట్టు. మన అక్కలే కొందరు "తీసెయ్యుండ్రి" అని అడుగుతున్నరు. ఎందుకు అడుగరు? బిల్డింగు పనికాడ మరుగుదొడ్డి లేదు. షెడ్డులో గంటసేపు కూసుంటే కూలి కోస్తరు. ముట్టయితే ఇంట్ల ఒక మూల, గుడికాడ ఒక గీత. పుట్టుకతో ఒక అంటు, నెలనెలా ఇంకో అంటు. ఇన్ని బాధల నడుమ "సంచి తీసేస్తే పీడ పోతది" అంటే నమ్మకుండా ఉంటదా? కత్తి పట్టింది డాక్టరే కావచ్చు, ఆమెను ఆ బల్లదాకా నడిపించింది మాత్రం ఈ కూలీ బతుకు, ఈ కులం.

లెక్కలు చూడుండ్రి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు చిల్లర. తెలంగాణల, ఆంధ్రల వందకు ఎనిమిది మందికి పైనే. దేశంలో మొదటి రెండు స్థానాలు మన రెండు రాష్ట్రాలవే. మన ఆడవాళ్ల గర్భసంచులు ప్రత్యేకంగా పాడైనయా? మెదక్ జిల్లా పల్లెల్లో ఈ సంగతిని డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాష్ వింజమూరి పదిహేనేండ్ల కిందనే బయటపెట్టిన్రు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇట్లాంటి ఆపరేషన్ల మీద 2013లో వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అవసరం లేని ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలు అమలు చెయ్యాలన్నది. రాష్ట్రానికి, జిల్లాకు నిఘా కమిటీలుండాలె. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఆ కమిటీ ఎవరెవరితో ఉన్నదో వాడలో ఒక్కరికన్నా చెప్పిన్రా?

మేమూ నలభైలు దాటినోళ్లమే. మా ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ చదివినోళ్లం. పిల్లలకు జీవశాస్త్రం చెప్పి కూడా, మా ఒంట్లో ఆవిర్లు లేచిననాడు బీపీ అనుకున్నం. చదువుకున్న మాకే తెల్వకపోతే కైకిలి చేసుకునే అక్కకు ఎవరు చెప్పాలె? అందుకే నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నం.

మన దేశంలో ముట్లు మామూలుగా 46, 47 ఏండ్లకు అటుఇటు ఉడుగుతయి. అంతకు ముందు కొన్నేండ్లు లెక్క తప్పుతది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గేసరికి ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తయి. ఇది రోగం కాదు, దయ్యం కాదు. బాధ ఎక్కువైతే మందు ఉన్నది. అండాశయాలు కూడా తీసేస్తే ఈ మార్పంతా ఒక్కపెట్టున మీద పడ్తది. వాటిని ఉంచినా ముట్లుడిగే వయసు ముందుకు జరగొచ్చు. ఎముకలు గుల్లబారుతయి, గుండెకు ముప్పు పెరుగుతది. నెత్తిమీద ఇటుకలు మోసే మనిషికి ఎముక పోతే కూలి పోయినట్టే. క్యాన్సరో, మందులకు లొంగని పెద్ద గడ్డలో ఉంటే ఆపరేషన్ చేయించుకోవాల్సిందే. అది ప్రాణం కాపాడ్తది. మేము ఎదిరిస్తున్నది భయపెట్టి చేసే కోతను.

శామీర్‌పేట మండలం తుర్కపల్లి దగ్గర 1999లో జీనోమ్ వ్యాలీ పెట్టిన్రు. అక్కడ తయారైన టీకాలు దేశదేశాలకు పోతున్నయి. దాని గోడ పక్కన ఊడ్చే అక్కకు కాల్షియం బిళ్ల రాసిచ్చే దిక్కు లేదు. కాన్పు దాకా, కుటుంబ నియంత్రణ దాకా ఆమె పేరు రిజిస్టర్ల ఉంటది. తర్వాత ఆమె ఎవరికీ పట్టదు. 2023 మార్చి 8న రాష్ట్రంలో 'ఆరోగ్య మహిళ' పేరుతో మంగళవారం క్లినిక్కులు మొదలుపెట్టిన్రు. ముట్లుడిగిన వాళ్లకు హార్మోన్ మందులు, సలహాలు ఇస్తమన్నరు. మంచిదే. ఆ మాట కాయితం మీదనే ఉండొద్దు, వాడ దాకా రావాలె.

పెద్దింటి ఆడవాళ్ల పత్రికల్ల మెనోపాజ్ అంటే యోగా, సోయా పాలు. మన సంఘాల అన్నలకు అది ఆడోళ్ల ముచ్చట. అన్నలారా, 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లుకు మద్దతుగా బాబాసాహెబ్ మాట్లాడిండు. కూలీ తల్లి ఒంటి బాధ ప్రభుత్వం మొయ్యాల్సిన బరువని చెప్పిండు. ఆయన ఫొటోకు దండేసి, ఇంట్ల పెండ్లాం చెమటలు చూసి "పిచ్చి లేసిందా" అంటే ఎట్ల?

అక్కలారా, ఎవరన్నా సంచి తియ్యాలంటే నాలుగు మాటలు అడుగుండ్రి. రోగం పేరేంది? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతరా? తర్వాత ఏం జరుగుతది? సర్కారు దవాఖానల ఇంకో డాక్టరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు. చీటీలన్నీ దాచుకోండ్రి. ఇప్పటికే తీయించుకున్నోళ్లు ఎముకలు, బీపీ, షుగర్ చూపించుకోండ్రి, హార్మోన్ మందు అవసరమా అని అడుగుండ్రి. ముట్లుడిగి ఏడాది దాటినంక నెత్తురు కనపడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ప్రతి మండలంలో వారానికోసారి ఆడ డాక్టరు కూసోవాలె. జిల్లా నిఘా కమిటీ లెక్కలు బయటపెట్టాలె, అందులో వాడ మహిళలుండాలె. పనికాడ మరుగుదొడ్డి, కూలి కొయ్యని విశ్రాంతి ఉండాలె. వచ్చే సంఘం మీటింగుల ఇదే మొదటి అంశం కావాలె. మా ఒళ్లు మా గురించి చెప్పే మాట వినకుండా ఏ విముక్తి రాదు.

జై భీమ్.