దోమల నివారణ ఎవరి చాకిరీ?

వానలు మొదలవగానే ప్రతి ఏడూ అవే కరపత్రాలు, అవే ఉపన్యాసాలు. నీళ్లు నిలవ ఉంచకండి, తొట్లు కడగండి, శుక్రవారం డ్రై డే పాటించండి అని. ఎవరికి చెప్తున్నారో రాయనక్కర్లేదు. తొట్లు కడిగేది స్త్రీలేనని చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు.

ఈ సలహాలు తప్పు కావు. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ ఎక్కువగా మురుగులో కాక, మూతల్లేని డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. నీళ్లు ఎండినా గోడలకంటిన గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి ఒంపేస్తే చాలదు, రుద్ది కడగాలి.

అయితే అసలు నీళ్లెందుకు నిలవ చేసుకుంటున్నాం? రోజూ నల్లా వచ్చే ఇళ్లలో ఇన్ని డ్రమ్ములుండవు. రెండు మూడు రోజులకోసారి, అదీ వేళకాని వేళ నీళ్లొచ్చే బస్తీలో, ట్యాంకరు దగ్గర తగువులాడి తెచ్చుకున్న బిందెల్ని పారబోయమంటే, ఆ స్త్రీ తన శ్రమనే పారబోసుకోవాలి. పారబోయకపోతే, పిల్లవాడికి జ్వరం వచ్చినప్పుడు ఇల్లు శుభ్రంగా ఉంచుకోలేదన్న నింద ఆమె మీదే పడుతుంది. పక్కన కూర్చుని సేవ చేసేదీ, ఆ రోజుల కూలి పోగొట్టుకునేదీ ఆమే. ఇంటింటికీ తిరిగి ఈ సలహాలు చెప్పే ఆశా కార్యకర్త కూడా స్త్రీయే. ఆమె పనిని ఉద్యోగంగా గుర్తించకుండా ప్రోత్సాహకాల పేరుతో సరిపెడుతున్నారు. ఇంటి చాకిరీని శ్రమగా లెక్కించని పితృస్వామ్య సమాజమే ప్రజారోగ్యాన్నీ స్త్రీల ఉచిత సేవగా మార్చుకుంది.

1992లో ఆమోదం పొందిన 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యాలను పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధుల్లో చేర్చింది. మన సంఘాలు అడగవలసింది అక్కడే.

మన బస్తీల్లో ఏ వీధికి ఎన్ని రోజులకోసారి నీళ్లొస్తున్నాయో రాసిపెడదాం. నిర్మాణ స్థలాల్లో, ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో నిలిచిన నీటినీ ఆ జాబితాలో చేరుద్దాం. దాన్ని వార్డు కార్పొరేటరు ముందూ, కమిషనరు ముందూ పెట్టి జవాబు అడుగుదాం. నీటి సరఫరా మెరుగుపడేదాకా డ్రమ్ములకు సరైన మూతలు ఇమ్మని పట్టుబడదాం. అంతవరకూ డ్రమ్ముకు గుడ్డ బిగించి కట్టుకోవడం, ఖాళీ అయినప్పుడు రుద్ది నింపుకోవడం తప్పదు. ఆ రుద్దే పనిలో ఇంట్లోని మగవాళ్లకూ వంతు ఉండాలి.